సువార్తలను రూపచిత్రాలతో పోల్చబోయే ముందు: మేనల్లుడికి ఒక లేఖ

ప్రియమైన మేనల్లుడికి,

ప్రభువు పేరిట మీ అత్త దీవెనలు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని మీ తెలుగు సహవాసంలో వచ్చే నెల యవనస్థుల కూడికకు వాక్యం చెప్పే పని నీ మీద పడిందనీ, "సువార్తలు ఫొటోలు కావు, నాలుగు రూపచిత్రాలు" అన్న మాటను పట్టుకుని మాట్లాడాలనుకుంటున్నావనీ, ఉన్నది ఆ ఊళ్ళోనే కాబట్టి డచ్ చిత్రకారుల పటాలు తెర మీద చూపిస్తాననీ రాశావు. ఆ పోలిక నాకు చాలా ఏళ్ళుగా పరిచయం. మంచి పోలికే. అయితే దాన్ని వాడేవాళ్ళలో చాలామంది రూపచిత్రం ఎలా తయారవుతుందో ఏనాడూ విచారించినవాళ్ళు కారు. నేనూ ఒకప్పుడు ఆ బాపతుదాన్నే.

పాఠం చెప్పడం మొదలుపెట్టిన తొలి సంవత్సరాల్లో ఒకరోజు శిష్యులను ప్రభువు పంపిన ఘట్టం చెబుతున్నాను. మార్కు ఆరో అధ్యాయంలో దారికి చేతికర్ర తప్ప ఇంకేమీ తీసుకోవద్దని ఉంటుంది. మత్తయి పదో అధ్యాయంలోనూ, లూకా తొమ్మిదో అధ్యాయంలోనూ చేతికర్ర కూడా వద్దని ఉంటుంది. ఈ తేడా ఏమిటని వెనక బెంచీ కుర్రాడు అడిగితే, ఇవి ఫొటోలు కావు బాబూ, రూపచిత్రాలు అని గంభీరంగా చెప్పాను. వాడు కూర్చోలేదు. "పటంలో గీసినా గీయకపోయినా, ఆ రోజు వాళ్ళ చేతిలో కర్ర ఉందా లేదా అమ్మగారూ?" అన్నాడు. గంట కొట్టడం వల్ల బయటపడ్డాను తప్ప నా దగ్గర జవాబు లేదు. నీ కూడికలో గంట కొట్టేవాళ్ళు ఉండరు కాబట్టి ముందే సిద్ధపడమని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదట చేయవలసింది పుస్తకాలు తెరవడం కాదు. ఒక శనివారం రైలెక్కి ద హేగ్ వెళ్ళి, అక్కడి మౌరిట్స్‌హౌస్ మ్యూజియంలో రెంబ్రాంట్ 1632లో వేసిన డాక్టర్ టుల్ప్ శరీర నిర్మాణ పాఠం ముందు గంటసేపు నిలబడు. ఫోను సంచిలోనే ఉండనీ. బల్ల మీద శవం ఉంటుంది, చుట్టూ ఆమ్‌స్టర్‌డామ్ శస్త్రవైద్యులు మెడలు చాచి చూస్తుంటారు. టుల్ప్ తన కుడిచేతిలోని పటకారుతో శవం ముంజేతి కండరాలను పైకెత్తి పట్టుకుని ఉంటాడు. అతని ఎడమచేతిని గమనించు. ఆ కండరాలు లాగితే వేళ్ళు ఎలా ముడుచుకుంటాయో అదే చేతితో చేసి చూపిస్తున్నాడు. అక్కడే నిలబడి నీ వేళ్ళు ముడిచి చూసుకుంటే పాఠం నీకూ అర్థమవుతుంది.

ఆ శవం కల్పితం కాదు. దోపిడీ నేరానికి ఆ ఏడాది జనవరిలో ఉరితీసిన ఆరిస్ కింట్ అనేవాడిది. వైద్యులందరూ ఆ ఊళ్ళో పేరున్న మనుషులు, పటానికి డబ్బిచ్చినవాళ్ళు. అయితే ఆ రోజుల్లో శరీరాన్ని కోయడం మొదలుపెట్టేది పొట్టతో, ఎందుకంటే ముందు కుళ్ళేది అదే. ఈ పటంలో పొట్ట చెక్కుచెదరకుండా ఉంది, ముంజేయి మాత్రం తెరుచుకుని ఉంది. అంటే జరిగిన సంగతి నిజం, మనుషులు నిజం, రోజు నిజం, కానీ పటంలో కనిపించే క్రమం ఆనాటి క్రమం కాదు. చెయ్యి అనే సృష్టి అద్భుతాన్ని, దాన్ని వివరించగల టుల్ప్ పాండిత్యాన్ని ఒక్క చూపులో చూపించాలని చిత్రకారుడు వరుస మార్చాడు. దాన్ని అబద్ధమని ఆ వైద్యుల్లో ఎవరూ అనుకోలేదు, ఆ పటం వాళ్ళ సంఘం గోడ మీదే ఉండిపోయింది.

ఇంటికి వచ్చాక దేవాలయ శుద్ధి ఘట్టాన్ని, అంటే ప్రభువు వర్తకులను దేవాలయంలోంచి వెళ్ళగొట్టిన ఘట్టాన్ని, నాలుగు సువార్తల్లోనూ పక్కపక్కన పెట్టుకుని చదువు. యోహాను దాన్ని రెండో అధ్యాయంలోనే, పరిచర్య ఆరంభంలో ఉంచాడు. మిగతా ముగ్గురూ సిలువకు ముందటి వారంలో ఉంచారు. దీని మీద సంఘంలో వాదం ఈనాటిది కాదు. రెండో శతాబ్దపు తొలి భాగంలో పపియ అనే సంఘ పెద్ద చెప్పిన మాటను సంఘ చరిత్రకారుడు యుసేబియస్ తన చరిత్రలో భద్రపరిచాడు: మార్కు పేతురుకు దుబాసీగా ఉండి, జ్ఞాపకమున్నంతవరకూ సరిగ్గానే రాశాడు కానీ వరుస క్రమంలో రాయలేదట. సరిగ్గా రాయడం వేరు, వరుసలో రాయడం వేరు అని గుర్తించినవాళ్ళు అంత మొదటి కాలంలోనే ఉన్నారని నీ శ్రోతలకు తెలియాలి. ఈ ప్రశ్నలను ఎవరో నాస్తికులు నిన్నగాక మొన్న పుట్టించారనే భయం మన సంఘాల్లో నిష్కారణంగా పాతుకుపోయింది.

తేడాలను భరించలేనివాళ్ళూ మొదటి నుంచీ ఉన్నారు. సుమారు 170 ప్రాంతంలో తతియాను అనే క్రైస్తవ రచయిత నాలుగు సువార్తలనూ కలిపి ఒకే కథగా అల్లాడు. సిరియా సంఘాలు చాలాకాలం దాన్నే చదువుకున్నాయి, చివరకు అయిదో శతాబ్దంలో థియొడొరేట్ అనే బిషప్పు తన ప్రాంతంలో రెండు వందలకు పైగా ప్రతులను తీయించి, వాటి స్థానంలో నాలుగు సువార్తలను పెట్టించాడు. పదహారో శతాబ్దంలో జర్మనీకి చెందిన ఒసియాండర్ ఇంకా ముందుకు వెళ్ళి, వివరం తేడాగా ఉందంటే సంఘటనే వేరని పట్టుబట్టాడు. ఆ లెక్కన, ప్రభువు బ్రతికించిన యాయీరు కూతురు ఒకటికి రెండుసార్లు చనిపోయి లేవాల్సి వచ్చింది! అదే కాలపు సంస్కర్త కాల్విన్ అటువంటి పట్టుదలకు పోలేదు, సువార్తికులు కాలక్రమాన్ని అంతగా లెక్కపెట్టలేదని తన వ్యాఖ్యానంలో ఒప్పుకున్నాడు. నువ్వు ఉన్న దేశపు పాత సంఘాలు కాల్విన్ దారిలో నడిచినవే కాబట్టి ఈ మాట అక్కడ చెప్పడం ఉచితం.

ఇంతవరకూ పోలిక మనకు సాయం చేసింది. ఇక్కడే ఆపితే మాత్రం నేను చేసిన తప్పే నువ్వూ చేస్తావు. "రూపచిత్రం కదా" అనగానే చిత్రకారుడికి ఏదైనా గీసే స్వేచ్ఛ వచ్చినట్టు మనం మాట్లాడతాం. డబ్బిచ్చి పటం వేయించుకున్నవాడిని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. 1654లో ఆమ్‌స్టర్‌డామ్‌లో దియోగో ద అంద్రాద అనే పోర్చుగీసు వర్తకుడు ఒక యువతి పటానికి 75 గిల్డర్లు బయానా ఇచ్చి, తీరా చూస్తే అందులో ఆమె పోలిక ఏమాత్రమూ లేదని రెంబ్రాంట్ మీద నోటరీ ద్వారా ఫిర్యాదు పంపాడు. సరిదిద్దు, లేదా పటం ఉంచుకుని డబ్బు తిరిగి ఇవ్వు అన్నాడు. మిగతా సొమ్ము ముట్టేదాకా కుంచె ముట్టనని రెంబ్రాంట్ జవాబు. ఆ తరువాత పోలిక కుదిరిందో లేదో చిత్రకారుల సంఘం పెద్దలు తేల్చాలన్నాడు. ఆ సంఘం పేరు సెయింట్ లూకా సంఘం. మరియమ్మ పటాన్ని లూకాయే వేశాడన్న పాత ఐతిహ్యం వల్ల యూరప్‌లో చిత్రకారులకు లూకా పోషక పరిశుద్ధుడయ్యాడు.

నీ ప్రసంగానికి నడుమ స్తంభం ఇక్కడ దొరుకుతుందని నా అభిప్రాయం. రూపచిత్రం అంటేనే పోలిక ఉందన్న హామీ. అమరికలో, వెలుగులో, దేన్ని ముందు ఉంచాలన్నదానిలో స్వేచ్ఛ ఉంటుంది. మనిషి ఆ మనిషి కాకపోతే మాత్రం ఫిర్యాదు తప్పదు. చిత్రకారుల పోషకుడని చెప్పే లూకా తన సువార్త మొదటి నాలుగు వచనాల్లో రాసినది చదివి వినిపించు. కన్నులారా చూచినవారు అప్పగించిన సంగతులను తాను మొదటి నుంచి తరచి పరిశీలించానంటాడు, థెయొఫిలుకు ఉపదేశించిన విషయాలు నిశ్చయమైనవని తెలియాలనే రాస్తున్నానంటాడు. అలా పూచీ పడినవాడిని, చరిత్రతో నిమిత్తం లేకుండా ఏదో భావచిత్రం గీశాడని సమర్థించబోతే, సమర్థన ముసుగులో అవమానించడమే అవుతుంది. నిజమా కాదా అని అడిగే హక్కును ఆ ముందుమాటే పాఠకుడికి ఇస్తోంది.

మీ ఊళ్ళోని రైక్స్‌మ్యూజియంలో, రెంబ్రాంట్ ఒక పౌర రక్షక దళాన్ని చిత్రించిన "నైట్ వాచ్" చూపించకుండా నిన్ను ఎవరూ వదలరు కాబట్టి దాన్ని కూడా వాడుకో. 1642 నాటి ఆ పటాన్ని 1715లో పురమందిరానికి తరలించినప్పుడు, గోడకు సరిపోలేదని నాలుగు పక్కలా కత్తిరించారు. ఎక్కువగా పోయింది ఎడమ వైపు. కోసేసిన ముక్కలు దొరకలేదు. అయినా అక్కడ ఏముందో మనకు తెలుసు, ఎందుకంటే పటం చెక్కుచెదరకుండా ఉన్న రోజుల్లోనే హెరిట్ లుండెన్స్ అనే చిత్రకారుడు దానికి చిన్న నకలు వేసి పెట్టాడు. 2021లో మ్యూజియంవాళ్ళు ఆ నకలు ఆధారంగానే కంప్యూటరు సాయంతో పోయిన భాగాలను తిరిగి రూపొందించి పక్కన అమర్చి చూపించారు. మూలం పోయాక నకళ్ళను పోల్చి మూలాన్ని అంచనా కట్టడం సాధ్యమే అనడానికి ఇంతకన్నా తేలికైన ఉదాహరణ నీకు దొరకదు. సువార్తల మూలప్రతులూ మన చేతికి రాలేదు, ఉన్నవన్నీ నకళ్ళే. అయితే నకళ్ళలో పోవడమే కాదు, చేరడం కూడా ఉంటుందని చెప్పకపోతే నిజాయితీ అనిపించుకోదు. మార్కు చివరి పన్నెండు వచనాలు నాలుగో శతాబ్దపు గ్రీకు బైబిలు చేతిరాత ప్రతులైన సైనైటికస్, వాటికనస్‌లలో లేవు. వ్యభిచారమందు పట్టుబడిన స్త్రీ ఘట్టం యోహాను ప్రతుల్లో అతి పాతవాటిలో లేదు. ఇది ముందుగా నీ నోట వింటే పిల్లలు తట్టుకుంటారు. యూట్యూబులో వింటే ఇన్నాళ్ళూ మన దగ్గర దాచారనుకుంటారు.

అదే పటంలో వెనక కమాను మీద ఒక డాలు ఉంటుంది, దాని మీద పద్దెనిమిది పేర్లు. ఆ డాలును తరువాత చేర్చారు. తరువాత చేర్చినంత మాత్రాన పేర్లు తప్పు కాలేదు, అందులో ఉన్నవాళ్ళు ఆ దళంవాళ్ళే. "మత్తయి సువార్త" వంటి శీర్షికల గురించి అడిగితే ఈ డాలు గుర్తు చెయ్యి. శీర్షిక తరువాత వచ్చిందని ఒప్పుకోవడం ఒకటి, అది తప్పని తేల్చడం ఇంకొకటి. వ్యతిరేక ఉదాహరణ కూడా జేబులో ఉంచుకో. బెర్లిన్‌లో ఉన్న "బంగారు శిరస్త్రాణం ధరించిన మనిషి"ని తరతరాలుగా రెంబ్రాంట్ పటంగా మెచ్చుకున్నారు, 1985లో అది ఆయన చేతిది కాదని తేల్చారు. పటం మాత్రం అదే పటం, వెలుగు అదే వెలుగు. దీని మీద ఇంతకన్నా ఎక్కువ సమయం పెట్టకు.

నీకు నిజంగా సమయం పెట్టదగిన చోటు ఇంకొకటి ఉంది. 1656లో రెంబ్రాంట్ దివాలా తీసినప్పుడు అప్పులవాళ్ళ కోసం అతని ఇంట్లోని సామానంతా జాబితా రాశారు. బ్రేస్ట్రాట్ వీధిలోని ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం, నీకు దగ్గరే. ఆ జాబితాలో ఒక పద్దు: "క్రీస్తు ముఖం, సజీవ నమూనాను చూసి వేసినది." పదహారు వందల ఏళ్ళ తరువాత క్రీస్తును చూసి వేయడమేమిటని నవ్వకు. ఆ వీధి యూదులు నివసించే పేట. పొరుగున ఉన్న యూదు యువకుడెవరినో కూర్చోబెట్టుకుని వేశాడని పండితుల ఊహ. అప్పటివరకూ యూరప్‌లో క్రీస్తు ముఖానికి ఒక అచ్చు ఉండేది. లెంటులస్ అనే రోమా అధికారి కళ్ళారా చూసి రాసినట్టు చెలామణి అయిన ఒక ఉత్తరంలో ఆయన జుట్టు, గడ్డం, నుదురు అన్నీ వర్ణించి ఉన్నాయి. అది మధ్యయుగాల్లో పుట్టిన నకిలీ.

ఇప్పుడు నాలుగు సువార్తలూ తిరగేసి ఆయన ఎత్తు, రంగు, ముఖకవళికలు ఎక్కడైనా ఉన్నాయేమో వెతుకు. ఒక్క మాట లేదు. పాఠకుడి ముచ్చట తీర్చడానికి కల్పించేవాళ్ళే అయితే మొదట కల్పించేది ముఖాన్నే, నకిలీ ఉత్తరం రాసినవాడు చేసింది అదే. దీన్ని రుజువుగా నిలబెట్టకు, నిలబడదు. ఆ కాలపు గ్రీకు, రోమా జీవిత చరిత్రల్లోనూ రూపవర్ణన అన్నిచోట్లా ఉండదు. కానీ సువార్తికులు దేని గురించి మాట్లాడారో, దేని గురించి నోరు మెదపలేదో గమనించడం శ్రోతలకు నేర్పడానికి ఇంతకన్నా మంచి ద్వారం లేదు.

దానికి జతగా మెనోనైట్ అనే ప్రొటెస్టంట్ శాఖ బోధకుడు అన్స్లో పటం చూపించు. రెంబ్రాంట్ 1641లో వేసినది. అన్స్లో చెయ్యి చాచి మాట్లాడుతుంటాడు, భార్య తల కొంచెం వంచి వింటుంటుంది, బల్ల మీద పెద్ద పుస్తకాలు. అన్స్లో స్వరాన్ని చిత్రించవయ్యా రెంబ్రాంట్, కంటికి కనిపించేది అతనిలో అతి స్వల్పం, అతన్ని చూడాలంటే వినాలి అన్న భావంతో వొండెల్ అనే కవి నాలుగు పాదాలు రాశాడు. ముఖం చెప్పకుండా మాటలనే మోసుకొచ్చిన సువార్తల దగ్గరికి రావడానికి ఆ నాలుగు పాదాలు నీకు వంతెన అవుతాయి.

ఇక కూడిక సంగతి. సువార్తల్లో తేడాలున్నాయన్న మాటకే నొచ్చుకునే పెద్దవాళ్ళు శ్రోతల్లో ఉంటారు. వాళ్ళను చిన్నబుచ్చకు, వాళ్ళ భక్తే నిన్ను ఆ మైకు ముందుకు తెచ్చింది. పాస్టరుగారికి ప్రసంగం ముందే చదివి వినిపించు. డచ్ దేశపు గొప్పలు ఎక్కువ చేయకు. మన మచిలీపట్నం, భీమిలి సమాధుల్లో నిద్రిస్తున్న డచ్చివాళ్ళలో వర్తకానికి వచ్చినవాళ్ళే ఎక్కువ గానీ వాక్యానికి వచ్చినవాళ్ళు కారు. పటాలు నాలుగు చాలు, అయిదోది పెడితే నలభై నిమిషాలు మించిపోతాయి.

కర్ర ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారు. ఇప్పుడైతే నేను ఇలా చెబుతాను: ఆ రోజు కర్ర ఉందో లేదో తేల్చే ఆధారం నా దగ్గర లేదు బాబూ, ముగ్గురిలో ఎవరి మాట ఆ వివరంలో సరైనదో నాకు తెలియదు. కానీ సంచి వద్దు, సొమ్ము వద్దు, చేర్చుకున్న ఇంట్లోనే బస చేయండి అని ఆయన పంపాడన్నదానిలో ముగ్గురికీ తేడా లేదు. ఈ జవాబు విని ఆ కుర్రాడు కూర్చునేవాడని నమ్మకంగా చెప్పలేను. ప్రసంగం రాయడం అయ్యాక నాకు పంపు. ఎర్ర సిరా కలం ఇంకా నా బల్ల మీదే ఉంది.

ఇట్లు,
మీ మేనత్త