ఓడ దిగి సొంతంగా తిరిగితే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: లాయర్ గారూ, మాది కాకినాడ. ఇంటిల్లిపాదీ అయిదుగురం విజయవాడలోని ఒక ట్రావెల్ ఏజెంటు ద్వారా సింగపూర్ నుంచి బయల్దేరే క్రూయిజ్‌కి టికెట్లు తీసుకున్నాం. ఓడ మలేషియాలోని పినాంగ్‌లో ఒక రోజు, థాయ్‌లాండ్‌లోని పుకెట్‌లో ఒక రోజు ఆగి సింగపూర్‌కి తిరిగొస్తుంది. ఓడవాళ్లు అమ్మే టూర్లు చాలా ఖరీదుగా ఉన్నాయి, టాక్సీ మాట్లాడుకుని మనమే తిరుగుదాం అంటున్నాడు మా అబ్బాయి. ఆలస్యమై ఓడ వెళ్లిపోతే బాధ్యత ఎవరిది? ఓడవాళ్ల టూరులో ప్రమాదం జరిగితే ఇక్కడ కేసు వేయొచ్చా?

సమాధానం: ఓడ అందకపోవడం వేరు, ప్రమాదం వేరు. మొదటి విషయంలో ఓడవాళ్ల టూరు మిమ్మల్ని బాగానే కాపాడుతుంది. రెండో దాంట్లో మీరు అనుకుంటున్నంత కాపాడదు.

టికెట్ కొన్నప్పుడు షరతులకి ఒప్పుకుంటున్నామని టిక్ పెట్టి ఉంటారు. మీకూ క్రూయిజ్ కంపెనీకీ మధ్య ఒప్పందం అదే. చెప్పిన వేళకి ఎక్కనివాళ్ల కోసం ఓడ ఆగనక్కర్లేదని, తర్వాతి రేవుకి చేరే ఖర్చు ప్రయాణికులదేనని దాదాపు ప్రతి కంపెనీ అందులో రాసుకుంటుంది. టాక్సీ చెడిపోయినా, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా ఆ నష్టం మీదే. మిగిలిన రాత్రులకి కట్టిన డబ్బూ తిరిగి రాదు. ఓడ దగ్గర కొన్న టూరు ఆలస్యమైతే మాత్రం పెద్ద కంపెనీలు ఓడని ఆపుతాయి, ఆపడం కుదరకపోతే తమ ఖర్చుతో తర్వాతి రేవుకి చేరుస్తాయి. ఇది చట్టం పెట్టిన నియమం కాదు, కంపెనీ ఇచ్చే హామీ. మీ కంపెనీ ఆ హామీ ఇస్తోందో లేదో చూసి, ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాకే కొనండి. కౌంటర్లో నోటిమాటగా చెప్పింది రేపు వినియోగదారుల కమిషన్ ముందు నిలబడదు.

వాతావరణం బాగోక కెప్టెన్ పుకెట్ ఆగడం మానేస్తే ఓడ టూరు డబ్బు వాపసు వస్తుంది. మీరు బయట బుక్ చేసుకున్న టూరుకి, ఓడ రాకపోతే పూర్తి వాపసు అన్న షరతు ఉంటే తప్ప రాదు.

ఇక ప్రమాదం సంగతి. ఓడవాళ్ల టూరే అయినా బస్సు, పడవ, గైడు సాధారణంగా అక్కడి స్థానిక సంస్థవే. తాము బుకింగ్ చేసిపెట్టామే తప్ప ఆ సంస్థ నిర్లక్ష్యానికి బాధ్యులం కామని కంపెనీ షరతుల్లో ఉంటుంది. దావా ఫలానా దేశపు కోర్టులోనే వేయాలని, గాయపడితే ఇన్ని నెలల్లో నోటీసు ఇవ్వాలని కూడా ఉంటుంది. దావా గడువుని కుదించే షరతులు మన కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్ ప్రకారం చెల్లవు. కానీ ఒప్పందానికి విదేశీ చట్టం వర్తిస్తుందని రాసి ఉంటే అవతలి పక్షం దాన్నే పట్టుకుంటుంది. కాబట్టి ఆ వాదన తర్వాతి సంగతి, నోటీసు మాత్రం వెంటనే పంపండి. గాయపడిన రోజే ఓడలోని టూర్ల డెస్కులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి కాపీ తీసుకోండి. థాయ్‌లాండ్‌లో అయితే టూరిస్టు పోలీసు నంబరు 1155. టూరు వోచరు, పడవ పేరు, డాక్టరు రిపోర్టు, బిల్లులు ఫొటోలు తీసి ఆ రాత్రే మీ మెయిల్‌కి పంపుకోండి.

ఇదంతా దృష్టిలో పెట్టుకుంటే మీ రెండు రేవులకీ ఒకే సలహా ఇవ్వలేను. పినాంగ్‌లో ఓడలు ఆగే స్వెటెన్‌హామ్ పియర్ జార్జ్‌టౌన్ ఊళ్లోనే ఉంది. ఫోర్ట్ కార్న్‌వాలిస్, లిటిల్ ఇండియా, 1833 నాటి మహామారియమ్మన్ గుడి నడిచి చూసి రావచ్చు. అక్కడ ఓడ టూరుకి డబ్బు పెట్టడం దండగ. పినాంగ్ కొండకీ కెక్ లోక్ సి ఆలయానికీ కారు కావాలి కాబట్టి అవి పొద్దున్నే ముగించుకుని, మధ్యాహ్నం రేవు దగ్గరి చోట్లు చూడండి.

పుకెట్ అలా కాదు. అక్కడి పటాంగ్ బీచి దగ్గర ఓడ సముద్రంలోనే లంగరు వేస్తే చిన్న పడవల్లో ఒడ్డుకి చేరుస్తారు. ముందు ఓడ టూరు కొన్నవాళ్లని దింపుతారు, మిగతావాళ్లు తమ వంతు కోసం కూర్చోవాలి. వెనక్కి వచ్చే చివరి పడవ ఓడ కదిలే సమయానికి చాలా ముందే ఉంటుంది. గడియారం దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. థాయ్‌లాండ్ సమయం సింగపూర్ కంటే ఒక గంట వెనక. ఓడ మాత్రం సింగపూర్ సమయమే పాటిస్తూ ఉండొచ్చు. చివరి పడవ 4 గంటలకి అని ఓడవాళ్లిచ్చే రోజువారీ కార్యక్రమ పత్రంలో ఉంటే, అక్కడి టవర్ పట్టుకున్న మీ ఫోన్లో అప్పటికి 3 గంటలే అవుతుంది. ఫోన్ చూసుకుని నింపాదిగా బయల్దేరితే గంట ఆలస్యంగా చేరతారు. ఓడ సమయం పెట్టిన చేతి గడియారం ఒకటి ఉండాలి. పుకెట్‌లో దీవులకి స్పీడ్ బోటులో వెళ్లాలనుకుంటే ఓడ టూరే తీసుకోండి. పటాంగ్ బీచి, బజారు చూస్తే చాలనుకుంటే మీరే తిరగొచ్చు, చివరి పడవ కంటే రెండు గంటల ముందు రేవులో ఉండండి.

అయినా ఓడ వెళ్లిపోతే, ఆ కార్యక్రమ పత్రంలో ఉండే పోర్టు ఏజెంటు (రేవులో ఓడ కంపెనీ తరఫు మనిషి) నంబరుకి వెంటనే ఫోన్ చేయండి. ఆ పత్రాన్ని ఓడ దిగేముందే ఫొటో తీసుకోవాలి. కొన్ని ఓడల్లో పాస్‌పోర్టులు వాళ్లే ఉంచుకుంటారు, అలాంటప్పుడు వాటిని ఏజెంటుకి అప్పగించారా అన్నది మొదటి ప్రశ్న. ఓడ ప్రయాణికులుగా దిగినప్పుడు పాస్‌పోర్టులో ముద్ర పడి ఉండకపోవచ్చు, ఏజెంటుతో ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకి వెళ్లి సరిచేయించుకున్నాకే విమానం ఎక్కండి. సింగపూర్ వీసా ఒకసారి ప్రవేశానికేనా, ఎక్కువసార్లకా అన్నది ఇప్పుడే చూడండి. ఓడ మీద తిరిగొచ్చినా, విమానంలో వచ్చినా అది మీకు రెండో ప్రవేశం. పాస్‌పోర్టు పోతే భారత రాయబార కార్యాలయం ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇండియాకి రావడానికే పనికొస్తుంది, దాంతో క్రూయిజ్ కొనసాగించలేరు.

కేసు ఇక్కడ వేయొచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 34వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే చోటే, అంటే కాకినాడ జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. మీరు చెల్లించిన మొత్తం 50 లక్షలు దాటకూడదు. 5 లక్షల వరకు ఫీజు లేదు. గడువు రెండేళ్లు. వివాదాన్ని కోర్టులో కాక ఆర్బిట్రేషన్‌లో, అంటే మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలని షరతుల్లో ఉన్నా ఈ దారి మూసుకుపోదని 2018లో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఒక షరతే అన్యాయమని కొట్టేయించాలంటే మాత్రం రాష్ట్ర కమిషన్‌కి వెళ్లాలి.

అసలు కష్టం ఆర్డరు వచ్చాక వసూలు చేయడంలో ఉంది. ఇండియాలో ఆఫీసే లేని విదేశీ కంపెనీ మీదా, పుకెట్ టాక్సీవాడి మీదా ఆ ఆర్డరు అమలు చేయించడం చాలా కష్టం. మీ విజయవాడ ఏజెంటు అందుబాటులో ఉంటాడు. అందుకే టూర్లు కూడా ఆయన ద్వారానే కొంటే, జీఎస్టీ బిల్లులో టూరు వివరాలు విడిగా రాయించండి. నడిపే సంస్థ పేరు చెప్పకుండా ఆయనే డబ్బు తీసుకుంటే, కాంట్రాక్టు చట్టం 230వ సెక్షన్ కింద ఆయనే బాధ్యుడని గట్టిగా వాదించొచ్చు.

ఇన్సూరెన్సు తీసుకునేముందు పాలసీ పత్రం చదవండి. ప్రయాణం తప్పిపోతే పరిహారం అన్న భాగం చాలా పాలసీల్లో విమానాలకే పరిమితం, ఓడకి వర్తిస్తుందని స్పష్టంగా ఉండాలి. పారాసెయిలింగ్, స్నోర్కెలింగ్ మినహాయింపుల్లో ఉన్నాయేమో చూడండి. మీ అబ్బాయి పుకెట్‌లో స్కూటరు అద్దెకి తీసుకునే ఆలోచనలో ఉంటే, ఆర్టీఓ ఆఫీసు ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ లేకుండా ఎక్కనివ్వకండి. ఆ పర్మిట్ ఏడాది చెల్లుతుంది. అది లేకుండా ప్రమాదమైతే, చెల్లుబాటయ్యే లైసెన్సు లేదని బీమా కంపెనీ ఆసుపత్రి బిల్లు కూడా నిరాకరించొచ్చు. పాస్‌పోర్టుని స్కూటరు కోసం తాకట్టుగా అసలే ఇవ్వొద్దు. సరైన కారణం లేకుండా క్లెయిము తిరస్కరిస్తే ముందు బీమా కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు పరిష్కరించే అధికారి అయిన హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి ఏడాదిలోపు రాయొచ్చు. అక్కడ ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.