చిట్లిన చేపల తొట్టి: అతికించాలా, మార్చాలా?

ప్రశ్న: మా అక్వేరియం 36 అంగుళాల పొడవు, 15 వెడల్పు, 18 ఎత్తు. ఆరేళ్ల కిందట కొన్నాం. సంక్రాంతికి సున్నాలు వేయిస్తూ, పావు వంతు నీళ్లుండగానే ఇద్దరం పట్టుకుని గోడ నుంచి జరిపాం. మళ్లీ నింపిన మర్నాడు అడుగు అద్దంలో ముందు మూల నుంచి జానెడు పగులు కనిపించింది. నీళ్లు కారడం లేదు గానీ కింద వేసిన థర్మాకోల్ ఆ మూల చెమ్మగా ఉంది. లోపల సిలికాన్ గమ్ము రాసేస్తే సరిపోతుందని షాపతను అంటున్నాడు. నిజమేనా? నాలుగు గోల్డ్‌ఫిష్‌లు ఉన్నాయండి.
- ఒక పాఠకురాలు, కంటోన్మెంట్, విజయనగరం

జవాబు: సరిపోదండి. ఈ తొట్టి మార్చాల్సిందే. థర్మాకోల్ తడిసిందంటే నీరు కారుతున్నట్టే, పైకి కనపడటం లేదంతే. ముందు ఈ రోజే చేయాల్సింది చెబుతాం.

ఫిల్టరు, లైటు, హీటరు ఉంటే అదీ, ప్లగ్గులు తీసేసి, ఆ తర్వాతే నీళ్లలో చెయ్యి పెట్టండి. 50 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు ఒకటి తీసుకుని, ట్యూబుతో తొట్టిలోని నీటినే అందులోకి దించండి. చేపలను మార్చి, ఎయిర్ పంపు పెట్టి, పైన వల గుడ్డ కట్టండి. గోల్డ్‌ఫిష్ ఎగిరి పడుతుంది. ఫిల్టరు స్పాంజిని ఆ టబ్బులోనే వేయండి. కుళాయి కింద కడిగి ఆరబెట్టారో, చేపల వ్యర్థాలను విరిచే బాక్టీరియా అంతా పోతుంది, కొత్త తొట్టిలో చేపలు అమ్మోనియాతో చస్తాయి. మొదటి రోజు మేత వద్దు, తర్వాత చిటికెడు చొప్పున చాలు. రోజూ పావు వంతు నీళ్లు మార్చండి. మున్సిపల్ నీళ్లయితే ఒక రోజు నిలవ ఉంచండి, లేదా షాపుల్లో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు సీసా మీద రాసిన మోతాదులో వేయండి.

ఇక సిలికాన్ ఎందుకు పనికిరాదంటే, అది రబ్బరు లాంటిది, సాగుతుంది. అద్దం సాగదు. పగులు కొసన ఒత్తిడంతా పోగవుతుంది, పైన ఎంత మందంగా రాసినా ఆ కొస లోపల్లోపల ముందుకు పాకుతూనే ఉంటుంది. పక్క అద్దం పై అంచున చిన్న పెచ్చు లేచిందంటే అక్కడ నీటి ఒత్తిడి దాదాపు ఉండదు, అంచును నున్నగా రుద్ది వాడుకోవచ్చు. అడుగు అద్దంలో, అదీ మూల నుంచి మొదలైన పగులు వేరు. పొడవు జానెడా, వేలెడా అన్నది కాదు, ఎక్కడ ఉందన్నదే చూడాలి.

మీ తొట్టిలో 16 అంగుళాల నీళ్లుంటే అడుగున సుమారు 140 కిలోల బరువు ఉంటుంది. ముందు అద్దాన్ని బయటికి నెట్టే బలమే 75 కిలోల దాకా ఉంటుంది. నీటిమట్టం సగానికి దించితే ఆ నెట్టుడు నాలుగో వంతుకు పడిపోతుంది. చిట్లిన తొట్టిలో మొదట నీళ్లు దించమనేది అందుకే.

అడుగు అద్దం ఒక్కటే మార్పించవచ్చా అంటే, మార్చవచ్చు గానీ మీ విషయంలో మేం సలహా ఇవ్వం. దాన్ని తీయాలంటే నాలుగు గోడల కింది సిలికాన్ కోయాలి, ఆ కోతలో ఆరేళ్ల నాటి మిగతా అతుకులు కదిలిపోతాయి. చిట్లింది పక్క అద్దమైతే మార్పించుకోమనేవాళ్లం.

కొత్తది గ్లాస్ షాపులో చేయించుకుంటే మొత్తం 16.5 చదరపు అడుగుల అద్దం పడుతుంది, చదరపు అడుగు ధర అడిగితే లెక్క మీరే వేసుకోవచ్చు. 8 మిల్లీమీటర్ల అద్దం అడగండి. 5 మి.మీ. తో ఇంత ఎత్తు తొట్టి చేసిస్తామంటే వద్దనండి. అడుగు అద్దం మీద గోడలు నిలబెట్టే పద్ధతిలో ముందు, వెనక అద్దాలు పూర్తి 914 మి.మీ. ఉండాలి. పక్క అద్దాలు వాటి మధ్యలో కూర్చుంటాయి కనుక 381 నుంచి రెండు అద్దాల మందం 16, రెండు అతుకుల సందు 2 తీసేసి 363 మి.మీ. కోయించాలి. ఈ తీసివేత మరిచిపోతే పలకలు మూలల్లో కలవవు.

పాతది చిట్లడానికి కారణం మాత్రం మళ్లీ రాకూడదు. పావు వంతు నీళ్లంటే దాదాపు 40 కిలోలు. తొట్టిని ఎత్తినప్పుడు ఆ నీళ్లు ఒక మూలకు ఒరిగి అద్దాన్ని మెలిపెడతాయి. జరిపాక కింద ఒక్క ఇసుక రేణువు నలిగినా చాలు. కొత్త తొట్టి పెట్టే బల్లను తుడిచి, 12 మి.మీ. థర్మాకోల్ షీటు పరిచి, నాలుగు అంగుళాలు నీళ్లు పోయండి. నాలుగు మూలల్లో నీటి గీత నుంచి పై అంచుకు దూరం కొలవండి. 3 మి.మీ. మించి తేడా ఉంటే నీళ్లు తీసేసి బల్ల కాళ్ల కింద సరిచేయండి, తొట్టి కింద కాదు.

ప్రశ్న: అద్దం ఎక్కడా పగల్లేదు. కానీ మా రెండడుగుల తొట్టి వెనక మూల నుంచి చుక్కచుక్కగా కారుతోంది. బయట నుంచి సిలికాన్ పెట్టినా ఆగలేదు.
- ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: దీన్ని బాగుచేసుకోవచ్చండి, కొత్తది కొనక్కర్లేదు. నీరు లోపలి నుంచి నెడుతుంది కనుక బయట పెట్టిన గమ్ము ఊడి వస్తుంది. కారిందాకా కారనిచ్చి, మట్టం ఎక్కడ ఆగిందో చూడండి. లీకు ఆ ఎత్తులోనే ఉంటుంది. అయినా ఆ ఒక్క చోటే అతికించవద్దు. ఎండిన పాత సిలికాన్‌కు కొత్తది పట్టదు. లోపలి మూలల్లోని పట్టీ మొత్తం బ్లేడుతో గీకేయండి. రెండు అద్దాల మధ్య సందులో ఉన్న సిలికాన్ జోలికి మాత్రం పోకండి, తొట్టిని నిలబెట్టేది అదే. తర్వాత అసిటోన్‌లో ముంచిన గుడ్డతో తుడవండి. వేలు పెడితే కిర్రుమనాలి.

గమ్ము కొనేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే రకం, అక్వేరియంకు పనికొస్తుందని ట్యూబు మీద రాసి ఉన్నది తీసుకోండి. బాత్రూంలకు వాడే, బూజు పట్టనివ్వని రకంలో చేపలకు పడని మందు కలిపి ఉంటుంది. మూలకు అటూ ఇటూ 8 మి.మీ. దూరంలో మాస్కింగ్ టేప్ అంటించి, అన్ని మూలలూ ఒకే విడతలో నింపి, ఒకే లాగుడుతో వేలితో నున్నగా చేసి, గమ్ము తడిగా ఉండగానే టేపు పీకేయండి. గాజు మీద మంచు పట్టే తెల్లవారుజామున ఈ పని పెట్టుకోకండి. ఏడు రోజులు ఆరనిచ్చి, ఆరుబయట మూడు విడతలుగా నింపి, రెండు రోజులు చూశాక చేపలు వేయండి.

ప్రశ్న: అద్దం తుడిచే అయస్కాంతం బ్రష్‌లో ఇసుక ఇరుక్కుని ముందు అద్దం లోపల గీతలు పడ్డాయి. ప్రమాదమా?
- ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: గీతకూ పగులుకూ తేడా ఇలా చూడండి. టార్చి ఏటవాలుగా పట్టండి. పగులైతే అద్దం మందంలోకి మెరుస్తూ దిగుతుంది. గీతైతే పైపైనే ఉంటుంది, అద్దానికి ఒక వైపే గోరుకు తగులుతుంది. గీతలే అయితే అలా వదిలేయవచ్చు. అనుమానంగా ఉంటే బయటి వైపు పగులు కొస దగ్గర మార్కరుతో చుక్క పెట్టి తేదీ రాయండి. ఆ చుక్క దాటి కాస్త ముందుకు పోయినా నీళ్లు దించేయండి.