అత్తయ్యగారి పొడి పొట్లం సంగతి

చి. అమ్ములుకు పెద్దమ్మ ఆశీస్సులు.

ఫోన్లో నువ్వు చెప్పిన సంగతి తేలిగ్గా వదిలేసేది కాదు, అందుకే వివరంగా రాస్తున్నాను. మీ అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులకి ఎవరో ఊరగాయ కారంలాంటి పొడి ఇచ్చారని, రెండు రోజులకే లేచి తిరుగుతున్నారని, ఆకలి కూడా బాగా వేస్తోందని సంతోషంగా చెప్పావు. నాకు భయమేసింది అక్కడే. ఏళ్ల తరబడి అరిగిన మోకాలు ఏ ఆకుకీ రెండు రోజుల్లో లొంగదు. అంత తొందరగా తగ్గిందంటే అందులో నొప్పి బిళ్లలో, స్టెరాయిడో నూరి కలిపి ఉండొచ్చు. ఆకలి పెరగడం, ముఖం గుండ్రంగా ఉబ్బడం, షుగర్ ఎక్కడం స్టెరాయిడ్ పనులు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందైతే కిడ్నీకి వెళ్లే రక్తాన్నే తగ్గిస్తుంది. ఆవిడ బీపీకి టెల్మిసార్టన్, ఒంట్లో నీరు పోవడానికి ఇంకో బిళ్ల వేసుకుంటారు కదా. ఈ మూడూ ఒకచోట చేరితే కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతింటుంది. పైగా మన బెజవాడ ఎండలు. చెమటకి ఒంట్లో నీళ్లు తగ్గిన రోజున ప్రమాదం ఇంకా ఎక్కువ.

అలాగని కోపంతో ఆ పొట్లం చెత్తబుట్టలో పారెయ్యకు. అది డాక్టరు చూడాలి. ఇంకో కారణం కూడా ఉంది. అందులో స్టెరాయిడ్ ఉండి, ఆవిడ వారాల తరబడి వాడి ఉంటే, ఒక్కసారిగా ఆపడం కూడా ప్రమాదమే. బీపీ పడిపోతుంది, వాంతులు, కళ్లు తిరగడం మొదలవుతాయి. రేపో ఎల్లుండో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, ఎలా ఆపాలో ఆయన చెప్తారు.

అక్కడ ఇంకో జాగ్రత్త. డయాలసిస్ వార్డులో పనిచేసినన్నాళ్లూ చూశాను, "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని డాక్టరు అడిగితే "లేదండీ" అనేవాళ్లే ఎక్కువ. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కషాయం, పసరు, పరగడుపున తాగే రసం వాళ్ల లెక్కలో మందులు కావు. అందుకే నేను అలా అడిగేదాన్ని కాదు. "పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా నోట్లో ఏమేం పడుతుందో వరసగా చెప్పండమ్మా" అనేదాన్ని. అప్పుడు బయటపడేవి. ఒకాయన సంచిలోంచి చిన్న డబ్బా తీసి చూపించాడు. పైన దేవుడి బొమ్మ తప్ప అక్షరమ్ముక్క లేదు. తయారు చేసిందెవరో, లైసెన్సు నంబరేమిటో, ఎప్పటిదాకా వాడొచ్చో, ఏదీ లేదు. నువ్వూ అత్తయ్యగారిని అలాగే అడుగు. చెప్పినవన్నీ కాగితం మీద రాసి తీసుకెళ్లు.

షుగర్ తగ్గుతుందని శీలావతి, బొచ్చె చేపల చేదు, అంటే వాటి పిత్తాశయం, మింగేవాళ్లు మనవైపు ఇంకా ఉన్నారు. కొన్ని గంటలకే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి, తర్వాత ఉచ్చ తగ్గిపోతుంది. వండినా దాని విషం పోదు. మావయ్యగారికి కూడా ఈ మాట చెప్పి ఉంచు.

చెట్టు మందు కదా, ఏం చేస్తుందిలే అనే మాట ఎవరన్నా అంటే బెల్జియం సంగతి చెప్పు. 1990 ప్రాంతంలో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గడానికి చైనా మూలికలు వాడిన ఆడవాళ్లకి కిడ్నీలు పాడైపోయాయి. ఒక మూలిక బదులు అరిస్టోలోకియా జాతి మొక్క కలిసిపోయింది. చాలామందికి డయాలసిస్ దాకా వచ్చింది, కొందరికి మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా. మన ఈశ్వరి వేరుదీ ఆ జాతే, పాము కాటుకని, కడుపు నొప్పికని వాడేస్తుంటారు. లోహాల్ని కాల్చి చేసే భస్మాల సంగతి వేరు. నెల్-1 అనే ఒక రకం కిడ్నీ జబ్బు వచ్చినవాళ్లలో ఎక్కువమంది నాటు మందులు వాడినవాళ్లేనని, పరీక్షించిన మందుల్లో పాదరసం ఉందని వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి డాక్టర్లు చూపించారు. మందు ఆపితే చాలామందికి నెమ్మదించింది కూడా, అందుకే తొందరగా పట్టుకోవాలి.

నేను ఆయుర్వేదాన్ని తిట్టడం లేదు. ఆవిడకి ఆ వైద్యం మీదే నమ్మకం ఉంటే బెజవాడలోనే నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. చదువుకున్న వైద్యుల దగ్గరికి వెళ్లండి, బీపీ బిళ్లల చీటీ కూడా వాళ్లకి చూపించండి. పేరులేని పొట్లం మాత్రం వద్దు.

పరీక్షలు రెండు చేయించు. రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం, ఉచ్చలో ఆల్బుమిన్, అంటే కిడ్నీ దెబ్బతింటే కారిపోయే ప్రొటీన్. క్రియాటినిన్ ఒక్కటే చూసి ఊరుకోకు, కిడ్నీ పనితనం సగం పోయేదాకా అది పెద్దగా పెరగకపోవచ్చు. ముందు రోజు రాత్రి మాంసం వద్దు, దానివల్ల అంకె పెరుగుతుంది. ఈలోగా ఉచ్చలో నురగ ఎక్కువసేపు నిలిచినా, పొద్దున లేవగానే కళ్ల కింద ఉబ్బు కనిపించినా, కాళ్ల మీద వేలితో నొక్కితే గుంట పడినా, ఉచ్చ బాగా తగ్గినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే తీసుకెళ్లండి.

ఇక ఆవిడతో ఎలా మాట్లాడాలంటావా? మీ ఆయన చేత చెప్పించకు, కొడుకు మందలించాడనుకుంటారు. పొడి ఇచ్చింది ఎవరో తెలిసినవాళ్లేనట, ఆ మనిషిని ఒక్క మాట అనకు. అంటే వాళ్ల పరువు కోసం చాటుగానైనా వాడతారు. నొప్పి నిజమైనదే అని ముందు ఒప్పుకో. మోకాళ్లకి వేరే దారి చూపించకుండా పొడి లాక్కుంటే మళ్లీ అక్కడికే వెళ్తారు. ఫిజియోథెరపీ, కాస్త బరువు తగ్గడం, డాక్టరు సరేనంటే పారాసిటమాల్, వీటి సంగతి అదే రోజు అడగండి. ఆవిడ ఒప్పుకోకపోతే నాకు ఫోన్ చెయ్యి, గుంటూరు నుంచి గంట ప్రయాణం, వచ్చి నేనే కూర్చుని మాట్లాడతాను. రిపోర్టులు రాగానే ఫొటో తీసి పంపించు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ