52 మంది ఉన్న ఊరికి ఆవిరి రైలు ఎందుకు? కాస్ గురించి నాకు తెలిసింది

అమెరికాలో వెస్ట్ వర్జీనియాలోని కాస్ జనాభా 2010 లెక్కల్లో 52 అని చూసి, అంత చిన్న ఊరికి ఈ పర్యాటకుల ఆవిరి రైలెలా వచ్చింది, పిల్లలతో వెళ్ళొచ్చా అని అడిగారు కదా. మేం రెండు కుటుంబాలం ఉత్తర వర్జీనియా నుంచి కారులో వెళ్ళి ఒక రాత్రి ఉండి వచ్చాం, కాబట్టి చెప్తాను.

అసలు ఊరికి రైలు రాలేదండీ, రైలు కోసమే ఊరు పుట్టింది. అక్కడి గ్రీన్‌బ్రయర్ నదిలో పూర్వం తెల్ల పైన్ దుంగల్ని వరదకి వదిలేసి కింద రాన్సెవర్ట్ దగ్గర పట్టుకునేవాళ్ళు. మా తాతగారు రాజమండ్రి సామిల్లులో లెక్కలు రాసేవారు, గోదారి మీద తెప్పలు కట్టి కలప దించేవాళ్ళని ఆయన చెప్పిన కబుర్లే నాకు అక్కడ గుర్తొచ్చాయి. కానీ కాగితం కంపెనీకి కావలసిన స్ప్రూస్ చెట్లు నది ఒడ్డున లేవు, ఎక్కడో నాలుగు వేల అడుగుల ఎత్తున కొండ నెత్తిన ఉన్నాయి, అక్కణ్ణుంచి దుంగ దించాలంటే పట్టాలు వేయడం తప్ప దారి లేదు. అందుకే వెస్ట్ వర్జీనియా పల్ప్ అండ్ పేపర్ కంపెనీ 1901లో కింద ఊరు కట్టి, ఇటలీ నుంచి వచ్చిన కూలీలు చాలామందిని పెట్టి కొండ మీదకి లైను వేయించింది. మరుసటి ఏడు సామిల్లు మొదలైంది. ఊరిపేరు కూడా కంపెనీ పెద్ద జోసెఫ్ కాస్‌దే. ఇళ్ళు కంపెనీవి, కొట్టు కంపెనీది, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు తెల్లటి చెక్క ఇళ్ళు.

మంచి రోజుల్లో ఊళ్ళో దాదాపు 2,000 మంది ఉండేవాళ్ళంటారు. నన్నడిగితే ఆ అంకె కూడా సగం కథే చెప్తుంది. చెట్లు కొట్టేవాళ్ళు ఊళ్ళో కాదు, పైన క్యాంపుల్లో ఉండేవాళ్ళు (మన కూపుల్లో పాకలు వేసుకుని ఉన్నట్టే అనుకోండి), ఒక చోట చెట్లు అయిపోతే క్యాంపు ఎత్తేసి ఇంకో చోటికి పోవడమే. పైన స్ప్రూస్ అని ఇంకో ఊరే ఉండేది. దానికి రోడ్డు లేదు, వెళ్ళినా వచ్చినా రైలే. అక్కడ కాగితం గుజ్జుకి పోయే దుంగల బెరడు తీసే మిల్లుని 1925లో మూసేశారు, ఇప్పుడు ఆ ఊళ్ళో ఒక్కరూ లేరు.

ఇక ఇంజన్ సంగతి. మామూలు రైలు లైనుకి నూరడుగులకి రెండడుగుల ఎత్తంటేనే ఎక్కువ. ఇక్కడ కొన్ని చోట్ల 11 అడుగులు! అందుకని షే ఇంజన్లు వాడారు. వీటికి సిలిండర్లు కుడి పక్కన నిలువుగా ఉంటాయి, అవి ఒక పొడుగాటి ఇరుసుని తిప్పితే పళ్ళ చక్రాల ద్వారా ఇంజన్ కింద ఉన్న చక్రాలన్నీ తిరుగుతాయి, కాబట్టి వేగం ఉండదు గానీ పట్టు విపరీతం. 1905లో వచ్చిన 5వ నంబరు ఇంజన్ ఇంకా అక్కడే ఉంది. కొండకి వంపు తిరగడానికి చోటు లేని దగ్గర రైలు ముందుకెళ్ళి ఆగి, పాయింటు మార్చి, వెనక్కి ఎక్కుతుంది. మా అబ్బాయి మొదటిసారి "నాన్నా, వెనక్కి వెళ్ళిపోతున్నాం" అని గోల పెట్టేశాడు.

మిల్లు 1960 జూలై 1న మూతబడింది. లైను పాత ఇనుము కింద పోవాల్సిందే, కానీ రస్సెల్ బామ్ అనే రైళ్ళ పిచ్చి ఉన్నాయన, ఆయనతో కలిసిన స్థానికులు పట్టుబట్టి ప్రభుత్వం చేత కొనిపించారు. 1963 నుంచి దుంగల బళ్ళకే బెంచీలు బిగించి జనాన్ని ఎక్కించడం మొదలుపెట్టారు. తమాషా ఏంటంటే, ఊరిని బయటి ప్రపంచంతో కలిపిన గ్రీన్‌బ్రయర్ లైనుని 1978లో ఎత్తేశారు, దాని కట్ట మీద ఇప్పుడు 78 మైళ్ళ సైకిల్ బాట ఉంది. కొండెక్కే దుంగల లైను మాత్రం మిగిలింది.

ఆ 52 గురించి ఒక మాట. పాత కంపెనీ ఇళ్ళు చాలావరకు ఇప్పుడు పర్యాటకులకి అద్దెకిస్తారు. మేమున్న శనివారం రాత్రి ఆ ఇళ్ళల్లో లెక్కకి రానివాళ్ళే ఎక్కువున్నారేమో, పక్కింట్లో పెన్సిల్వేనియా వాళ్ళు, ఎదురింట్లో ఒహాయో వాళ్ళు.

పిల్లలతో భేషుగ్గా వెళ్ళొచ్చు. బాల్డ్ నాబ్ అనే కొండ శిఖరం దాకా 11 మైళ్ళు, ఎక్కి దిగేసరికి నాలుగున్నర గంటలు. చిన్నపిల్లలైతే నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న విట్టేకర్ అనే మధ్య స్టేషను దాకా చాలు, పాత క్యాంపు ఎలా ఉండేదో అక్కడ చూపిస్తారు. బాల్డ్ నాబ్ శిఖరం ఎత్తు 4,800 అడుగులు దాటుతుంది, వేసవిలోనూ స్వెటర్ ఉండాల్సిందే. దగ్గర్లో గ్రీన్ బ్యాంక్ రేడియో టెలిస్కోపు ఉంది, దానికి అడ్డు రాకుండా చుట్టుపక్కల రేడియో సిగ్నళ్ళని కట్టడి చేస్తారు కాబట్టి ఫోన్ సిగ్నల్ ఆశ పెట్టుకోకండి, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. మేం చేసుకోలేదు, చీకట్లో గంటసేపు తిరిగాం, కారులో ఎవరూ ఎవరితో మాట్లాడలేదు. ఇంకోటి, బొగ్గు ఇంజన్, బళ్ళకి అద్దాలుండవు. మా ఆవిడ తెల్ల చుడీదార్ మీద పడ్డ మసి చుక్కలు రెండు ఉతుకులకీ పోలేదు, పులిహోర డబ్బా మూత తీసేటప్పుడు కూడా కాస్త చూసుకోండి.