బ్యాంకాక్‌లో "వెజ్" అంటే చాలదండీ, "జే" అనండి

ఆఫీసు పని మీద రెండు వారాలు బ్యాంకాక్ వెళ్తున్నాను, థాయ్ హోటళ్లు రుచి చూడాలనుంది గానీ శాకాహారిని, ఎలా అని అడిగారు కదా.

వెజ్ అంటే మాంసం ముక్కలు మానేస్తారు గానీ, "నామ్ ప్లా" అనే చేపల సాస్ పడిపోతుంది. వాళ్లకది మనకు ఉప్పులాంటిది. "కిన్ జే", అంటే జే భోజనం తింటానని చెప్పండి. జే వంటలో మాంసం, చేపల సాస్, గుడ్లు, పాలే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. హోటల్ దగ్గర పసుపు జెండా మీద ఎర్ర థాయ్ అక్షరాల్లో "జే" అని కనబడితే నిశ్చింతగా కూర్చోవచ్చు.

సోమ్ తమ్ మాత్రం తప్పకుండా తినండి. పచ్చి బొప్పాయి తురుము, మిరపకాయలు, నిమ్మరసం, తాటిబెల్లం కళ్లెదుటే రోట్లో దంచుతారు, అచ్చం మన రోటిపచ్చడే! ఎండురొయ్యలు, నామ్ ప్లా రోట్లో పడకముందే వద్దని చెప్పండి, రోలు కూడా కడగమనండి.