పాకెట్ మనీ అయిపోతే మళ్లీ నింపకండి: పిల్లలకు డబ్బు సంగతులు మా ఇంట్లో ఎలా నేర్పుతున్నామంటే

ప్రశ్న అడిగినవారు బెంగళూరులోనే ఉంటారట, అబ్బాయి ఎనిమిదో తరగతి. "డబ్బు విలువ తెలియడం లేదు, ఏది కావాలన్నా ఆర్డర్ పెట్టెయ్ అమ్మా అంటాడు, పిల్లలకు వీకెండ్ ఫైనాన్స్ కోర్సులు ఉన్నాయట, చేర్పించాలా?" అని అడిగారు. నా జవాబు ముందే చెప్పేస్తాను. కోర్సు వద్దు. నెలకింత అని చేతికి నోట్లు ఇవ్వండి, అవి అయిపోతే మళ్లీ ఇవ్వకండి. ఇందులో రెండో సగమే కష్టం, అదీ పిల్లలకు కాదు, మనకు.

మాది మదనపల్లె దగ్గర పల్లె. పెళ్లయినప్పటి నుంచి బెంగళూరు రామ్మూర్తినగర్‌లో ఉంటున్నాం, నేను ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. పాప తొమ్మిదో తరగతి, బాబు ఆరో తరగతి.

నోట్లే ఎందుకంటే, మా చిన్నప్పుడు డబ్బు కంటికి కనిపించేది. నాన్న టమోటా మార్కెట్ నుంచి వచ్చి లుంగీ మడతలోంచి తీసి లెక్కపెట్టేవాడు, అమ్మ పోపుల డబ్బాలో కొంత దాచేది, కిరాణా కొట్టు పద్దు పుస్తకంలో మా పేరు కింద ఎంత బాకీ ఉందో మాకూ తెలిసేది. మా పిల్లలు చూస్తున్నదేమిటి? ఫోన్ చూపిస్తే టింగ్ అంటుంది, సరుకు పది నిమిషాల్లో గుమ్మం దగ్గర ఉంటుంది. ఎంత పోయింది, ఎంత మిగిలింది అన్నది వాళ్లకు ఎక్కడా కనిపించదు. మా పాపకు ఒకసారి నా ఫోన్ ఇచ్చి స్టేషనరీ షాపుకు పంపితే 380 రూపాయలు పెట్టి వచ్చింది, ఎంతయింది అంటే "చూడలేదు" అంది. అబద్ధం కాదు, నిజంగానే చూడలేదు. అప్పుడు తను ఆరో తరగతి. ఆ మరుసటి నెల నుంచే ఒకటో తారీఖున చేతికి 600 ఇవ్వడం మొదలుపెట్టాం. పెన్నులు, స్నేహితుల బర్త్‌డే గిఫ్టులు, బయట చిరుతిండి అన్నీ అందులోనే. స్కూల్ ఫీజు, బట్టలు, పుస్తకాలు మావి.

మొదటి నెల తొమ్మిదో తారీఖుకే అయిపోయాయి. స్టిక్కర్లు, జెల్ పెన్నులు, ఇద్దరు స్నేహితురాళ్లకు పానీపూరీ. ఇరవయ్యో తారీఖున తన ప్రాణస్నేహితురాలి పుట్టినరోజు. ఏడ్చింది. మా ఆయన జేబులో చెయ్యి పెట్టేశాడు కూడా, నేనే ఆపాను. ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు, నిజం చెబుతున్నాను. తను కూర్చుని ఒక కార్డు గీసుకుని వెళ్లింది, సిగ్గుపడుతూనే వెళ్లింది. రెండో నెల 600లో 200 ఒక కవర్లో పెట్టి దాని మీద "గిఫ్ట్" అని తనే రాసుకుంది, మేం చెప్పలేదు. అంతకుముందు నేను పొదుపు గురించి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు, ఒక్కసారి కూడా కవర్ పెట్టుకోలేదు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది, నాయనమ్మ. మా అత్తయ్య ఊరి నుంచి వచ్చినప్పుడల్లా మనవరాలి చేతిలో ఐదు వందలు పెట్టేది, అయిపోయాయంటే ఇంకో వంద. ఆవిడ ప్రేమను కాదనలేం కదా. ఒకరోజు దగ్గర కూర్చుని వివరంగా చెప్పాను, అత్తయ్యా, మీరిచ్చేది బ్యాంకులో తన పేరు మీద వేద్దాం, మీ పేరు చెప్పుకుని పెద్దయ్యాక వాడుకుంటుంది అని. ఆవిడకు నచ్చింది. ఇప్పుడు వచ్చినప్పుడల్లా పాస్‌బుక్ తెమ్మని అడుగుతుంది.

పాస్‌బుక్ అంటే గుర్తొచ్చింది, పదేళ్లు నిండిన పిల్లలు తమ ఖాతాను తామే నడుపుకోవచ్చు. రిజర్వ్ బ్యాంక్ 2014లోనే ఈ వీలు ఇచ్చింది, 2025 ఏప్రిల్‌లో ఆ నిబంధనలను మళ్లీ స్పష్టం చేసింది. ఎంత వరకు తీయొచ్చన్న పరిమితి బ్యాంకు పెట్టుకుంటుంది, ఖాతాలో ఉన్నదానికి మించి మాత్రం తీయనివ్వరు. మేం వెళ్లిన మొదటి బ్యాంకులో కౌంటర్ దగ్గరి ఆయన "మైనర్ అయితే గార్డియనే ఆపరేట్ చేయాలి మేడమ్" అని తిప్పి పంపేశాడు, పాప పక్కనే ఉంది, తన ముఖం చిన్నబోయింది. రెండో బ్యాంకులో మేనేజర్ ఫారం తనకే ఇచ్చి నింపించారు, సంతకం తనతోనే పెట్టించారు. ఆ రోజు ఇంటికొచ్చి కాగితం మీద యాభైసార్లు సంతకం ప్రాక్టీస్ చేసింది. కాబట్టి ఒకచోట కాదంటే ఇంకోచోటుకు వెళ్లండి, పోస్టాఫీసులోనూ పదేళ్లు దాటితే పిల్లలే నడుపుకోవచ్చు.

వడ్డీ సంగతి. ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకంలో చక్రవడ్డీ ఉంది, మీ అబ్బాయి ఈ ఏడాది చేస్తూనే ఉంటాడు. సూత్రం వస్తుంది, మార్కులూ వస్తాయి, కానీ అది తన డబ్బుకు సంబంధించిన సంగతని తోచదు. మా పాపతో నేను చేయించింది ఇది. నెలకు 500 చొప్పున పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌లో ఐదేళ్లు వేస్తే కట్టేది 30,000, వడ్డీ రేటు 6.7 శాతం అయితే చేతికొచ్చేది దాదాపు 35,680 (రేటును ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది, తెరిచిన రోజు ఉన్న రేటే చివరిదాకా ఉంటుంది). "అంతేనా?" అంది. అంతే అన్నాను. ఇక అప్పు వైపు ఎలా ఉంటుందో చూడు అని నా పాత కథ చెప్పాను.

2009లో నాకు మొదటి ఉద్యోగం, కొత్త క్రెడిట్ కార్డు. ఇంటికి ఫ్రిజ్, చెల్లి పెళ్లికి బట్టలు, మొత్తం 40,000 దాకా అయింది. బిల్లులో "కనీసం 2,000 కడితే చాలు" అని ఉంటే చాలనుకుని అదే కట్టుకుంటూ పోయాను. ఎవరూ చెప్పలేదు, కార్డు అమ్మినతనూ చెప్పలేదు. ఆ లెక్కనే ఇప్పటి రేట్లతో పాప చేత వేయించాను. నెలకు 3.5 శాతం వడ్డీ అంటే 40,000 మీద 1,400, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 252. అంటే 2,000 కడితే 1,652 వాటికే పోయి, అసలులోంచి తగ్గేది 348 రూపాయలు. తను రెండుసార్లు వేసి చూసుకుంది, తప్పు చేశానేమో అని. మన ఊళ్లలో వడ్డీని శాతాల్లో చెప్పరు కదా, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ, మూడు రూపాయల వడ్డీ అంటారు. ఆ కార్డు సంగతి నాన్నకు చెప్పినప్పుడు "మూడున్నర రూపాయల వడ్డీనా? మన ఊళ్లో మూడు రూపాయలకు తెచ్చినవాడినే మునిగిపోయాడంటారే" అన్నాడు. పిల్లలకు వడ్డీ చెప్పేటప్పుడు ఈ రూపాయల భాషలోనే చెప్పండి, ఏడాదికి 42 శాతం అనేదానికంటే అది త్వరగా లోపలికి వెళ్తుంది.

మా అపార్ట్‌మెంట్ మేడ మీద ఆదివారాలు ఎనిమిది మంది పిల్లలతో చీటీ ఆట ఆడించాం, చింతపిక్కలతో. మన తెలుగువాళ్ల ఇళ్లలో చీటీ లేని ఇల్లు తక్కువ, కానీ పిల్లలకు ఎవరూ చెప్పరు, అందుకే ఎంచుకున్నాను. ఒక్కొక్కరు వారానికి పది పిక్కలు, మొత్తం 80. పాటలో ఎవరు తక్కువకు ఒప్పుకుంటే ఆ వారం పిక్కలు వాళ్లవి. ఒకబ్బాయి "నాకు 64 చాలు" అన్నాడు, మిగిలిన 16 అందరికీ తలా రెండు. చివరిదాకా ఆగినవాళ్లకు 80కి 80 వస్తాయని మూడో వారానికల్లా వాళ్లే కనిపెట్టారు, "అయితే ముందు పాడినవాడు కట్టేది వడ్డీయే కదా ఆంటీ" అన్నాడు ఏడో తరగతి పిల్లాడొకడు. నాలుగో వారం, మొదట పాడినబ్బాయికి నేను ముందే రహస్యంగా చెప్పి ఉంచాను, పిక్కలు కట్టకు అని. మేడ మీద పెద్ద గొడవ. వాడిని దొంగ అన్నారు, చివరికి నన్నే నిలదీశారు, మీరు నడిపిస్తున్నారు కాబట్టి మీరే కట్టాలని. సరిగ్గా ఆ మాట కోసమే చూస్తున్నాను. అప్పుడు చెప్పాను, దీనికి 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ఉంది, చీటీ మొదలుపెట్టే ముందే నిర్వాహకుడు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి, సెక్యూరిటీ కట్టాలి, కమిషన్ 7 శాతం మించకూడదు, తెలిసినావిడ కదా అని నోటిమాట మీద కట్టే చీటీకి ఇవేవీ ఉండవు అని. ఆ సాయంత్రం ఇద్దరు ముగ్గురు తల్లులు నాకు ఫోన్ చేశారు, మా వాడు మేం కట్టే చీటీకి రిజిస్ట్రేషన్ ఉందా అని అడుగుతున్నాడు ఏం చెప్పమంటావు అని.

ఇంటి ఖర్చులు పిల్లల ముందు మాట్లాడకూడదని చాలామంది అనుకుంటారు, టెన్షన్ పడతారని. నా అభిప్రాయం వేరు. తెలియకపోతేనే ఎక్కువ భయపడతారు, లేదా అసలు పట్టించుకోరు. నెలలో మొదటి ఆదివారం మేం అద్దె, కరెంటు, పాలు, ఈఎంఐ అన్నీ ఒక కాగితం మీద వేస్తాం. జీతం అంకె కూడా చెప్పాం, బయట చెప్పకూడదని చెప్పే చెప్పాం, ఇప్పటిదాకా చెప్పలేదు. 2025 ఏప్రిల్ 1 నుంచి నందిని పాలు లీటరుకు 4 రూపాయలు పెరిగినప్పుడు రోజుకు రెండు లీటర్ల మాకు నెలకు 240 ఎక్కువవుతుందని బాబే లెక్క వేశాడు, అంతకు రెండు నెలల ముందే మెట్రోలో అత్యధిక చార్జీ 60 నుంచి 90 అయింది. ధరల పెరుగుదల అంటే ఏమిటో వాడికి నేను వేరుగా చెప్పాల్సిన పని పడలేదు. ఇంకో రోజు ఇంటి అడ్వాన్సు రెండు లక్షలు ఓనర్ దగ్గర ఉందని విని, "దానికి వడ్డీ ఎవరికొస్తుంది?" అన్నాడు. మనకైతే రాదురా అన్నాను. ఏడు శాతం వేసుకుంటే ఏడాదికి 14,000 అని కాగితం మీద రాసి చాలాసేపు చూశాడు. బెంగళూరులో ఇన్నేళ్లుండి నేను ఒక్కసారి కూడా ఆ లెక్క వేయలేదు.

కార్తీక మాసం చివరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె, అంటే వేరుశనక్కాయల జాతర, జరుగుతుంది కదా, పిల్లల్ని తీసుకెళ్లండి, చేతికి చెరో 200 ఇచ్చి కొనుక్కోమనండి. గుడి దగ్గర ఒక ధర, కాస్త లోపలికి నడిస్తే ఇంకో ధర, సాయంత్రానికి ఇంకొకటి. మా బాబు కన్నడలో "సేరు ఎష్టు?" (సేరు ఎంత?) అని నాలుగు చోట్ల అడిగి ఐదో చోట కొన్నాడు. యాప్‌లో బేరం ఉండదు, అడిగి కాదని ముందుకు నడిచే ధైర్యం అక్కడ రాదు.

మీ అబ్బాయి ఎనిమిదో తరగతి కాబట్టి మోసాల సంగతి ఇప్పుడే మాట్లాడండి, ఇది ఆలస్యం చేయొద్దు. డబ్బు మనకు రావడానికి పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు, క్యూఆర్ స్కాన్ చేసేది ఇవ్వడానికే. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, దాచకూడదు, తిట్టం అని ముందే మాటివ్వండి. ఇంకొకటి పెద్దలకే తెలియనిది. మాకు తెలిసిన ఒక ఇంజనీరింగ్ కుర్రాడు, బ్యాంకు ఖాతా కొన్నాళ్లు వాడుకోనిస్తే కమిషన్ ఇస్తామంటే సరేనన్నాడు. అందులోకి ఎవరో మోసపోయినవాళ్ల డబ్బు వచ్చింది, ఖాతా స్తంభించింది, పోలీస్ స్టేషన్ చుట్టూ తండ్రీకొడుకులు నెలల తరబడి తిరిగారు. పాపకు ఖాతా తెరిచిన రోజే ఈ కథ చెప్పాను, ఏటీఎం కార్డు, ఓటీపీ స్నేహితులకు కూడా ఇవ్వకూడదని.

ఇక కోర్సు. నేనొక డెమో క్లాసుకు పాపను తీసుకుని వెళ్లాను, ఎవరిదని చెప్పను. గంటసేపు షేర్ల ధరల క్యాండిల్ చార్టులు చూపించి, పదిహేనేళ్లకే ట్రేడర్ కావచ్చన్నారు. పద్దెనిమిది నిండని పిల్లల డీమ్యాట్ ఖాతాను (షేర్లు ఉంచే ఖాతా) గార్డియనే నడపాలి, అందులో ఇంట్రాడే ట్రేడింగ్, అంటే కొన్నరోజే అమ్మేయడం, కుదరదు, ఆ మాట మాత్రం ఒక్కరూ చెప్పలేదు. పిల్లాడికి పోటీ ఇష్టమైతే స్కూల్లో అడిగి ఎన్‌సీఎఫ్ఈ (నేషనల్ సెంటర్ ఫర్ ఫైనాన్షియల్ ఎడ్యుకేషన్) వాళ్ల ఎన్‌ఫ్లాట్ అనే డబ్బు అవగాహన పరీక్ష రాయించండి, 6 నుంచి 12 తరగతుల వాళ్లకు. రిజర్వ్ బ్యాంక్, షేర్ మార్కెట్‌ను చూసే సెబీ లాంటి నియంత్రణ సంస్థలు కలిసి పెట్టిన సంస్థ అది, చదువుకునే సామగ్రి ఉచితంగా దొరుకుతుంది.

ఎంతతో మొదలుపెట్టాలంటే, ఇప్పుడు మీరు అడిగినప్పుడల్లా ఇస్తున్నది ఒక నెల రాసి చూడండి, అందులో మూడొంతుల్లో రెండొంతులు ఇవ్వండి. కొంచెం తక్కువ పడాలి, లేకపోతే ఎంచుకోవాల్సిన అవసరం రాదు.

మా పాప ఇప్పుడు సెకండ్ హ్యాండ్ గిటార్ ఒకటి చూసుకుంది, 6,500. తన దగ్గర 4,100 ఉన్నాయి, మిగతా 2,400 అప్పుగా ఇవ్వమంది. వాళ్ల నాన్న ఇచ్చేద్దామన్నాడు. నేను కాగితం రాసిచ్చాను, నూటికి రూపాయి వడ్డీ, నెలకు 300 పాకెట్ మనీలోంచి కోత, ఆ నెలల్లో గిఫ్ట్ కవర్ సంగతి తనే చూసుకోవాలి అని. తీసుకుని గదిలోకి వెళ్లింది, ఏ నెలకెంత వడ్డీ పడుతుందో పక్కన పెన్సిల్‌తో వేసుకుంది. రెండు రోజులైంది, సంతకం ఇంకా పెట్టలేదు.