ద్రావణాల లెక్కలు తప్పుతున్నాయని నీట్ మానుకోవాలా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె, రొయ్యల సాగు చేస్తాం. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతోంది. కెమిస్ట్రీలో థియరీ బాగానే రాస్తుంది గానీ, ద్రావణాల గాఢత లెక్కల దగ్గర మార్కులు పోతున్నాయి. నీట్ మాన్పించి, ఎప్‌సెట్ రాయించి ఫిషరీస్‌లో చేర్చడం మేలా?

సమాధానం: ఈ ఒక్క కారణంతో దారి మార్చకండి. ఎప్‌సెట్‌లోనూ 160 మార్కులకు 40 కెమిస్ట్రీవే, అక్కడా ఈ పాఠం తప్పదు. ముత్తుకూరు మత్స్య కళాశాలలో సీటు వచ్చినా గాఢత లెక్క ఆమె వెంటే వస్తుంది. ఎకరం చెరువులో మీటరు లోతు నీరుంటే సుమారు 4,047 ఘనపు మీటర్లవుతుంది. అందులో ఏ మందైనా 1 పీపీఎం (పది లక్షల భాగాలకు ఒక భాగం) మోతాదులో వేయాలంటే దాదాపు 4 కిలోలు కావాలి. మీకు అలవాటైన ఈ లెక్కను ఆమె చేత కాగితం మీద ఒకసారి చేయించండి.

థియరీ బాగా రాసే పిల్లలు ఇక్కడ తడబడేది సూత్రం రాక కాదు, హారంలో ఏది ఉండాలో చూసుకోకపోవడం వల్లనే అని నా అభిప్రాయం. మొలారిటీ, మొలాలిటీ రెండూ గాఢతకు కొలతలే, రెండింటికీ లవంలో ఉండేది కరిగిన పదార్థపు మోల్‌ల సంఖ్యే. మొలారిటీకి హారంలో ఉండేది లీటరు ద్రావణం, మొలాలిటీకి కిలోగ్రాము ద్రావణి, అంటే కరిగించుకునే ద్రవం. భారశాతం 98, సాంద్రత 1.84 గ్రా./మి.లీ. ఉన్న సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని తీసుకోండి. లీటరు ఆమ్లం 1,840 గ్రాములు తూగుతుంది, అందులో 98 శాతాన్ని అణుభారం 98తో భాగిస్తే మొలారిటీ 18.4 వస్తుంది. అదే ఆమ్లాన్ని 100 గ్రాములు తీసుకుంటే 98 గ్రాములు, అంటే ఒక మోల్ ఆమ్లం, 2 గ్రాముల నీరు ఉంటాయి కనుక మొలాలిటీ 500. ద్రావణి 2 గ్రాములే అన్న సంగతి మరచి 100 గ్రాములనూ హారంలో వేసిన విద్యార్థికి 10 వస్తుంది; ఆ 10 ఆప్షన్లలో కనబడితే అనుమానమే రాదు.

విలీనం, అంటే నీటితో పలుచన చేసే లెక్కల్లో చిక్కంతా ప్రశ్న చదవడంలోనే ఉంటుంది. 100 మి.లీ. 2 మోలార్ ద్రావణాన్ని 500 మి.లీ.కు విలీనం చేస్తే 0.4 మోలార్ అవుతుంది, అదే 100 మి.లీ.కు 500 మి.లీ. నీరు కలిపితే మొత్తం 600 మి.లీ. అయి గాఢత సుమారు 0.33కు తగ్గుతుంది.

అందువల్ల కొత్త మెటీరియల్ కొనే ముందు, పాత పరీక్షల్లో తప్పిన లెక్కలన్నీ ఆమె చేత మళ్లీ చేయించి, తప్పు ప్రశ్న చదవడంలో జరిగిందో, హారంలో జరిగిందో, గుణకార భాగహారాల్లో జరిగిందో ప్రతి లెక్క పక్కన రాయించండి. ప్రతి అంకె పక్కన ప్రమాణం రాయడం తప్పనిసరి చేయండి. పరీక్షలో కాలిక్యులేటర్ ఉండదు కాబట్టి ఇంట్లో సెల్‌ఫోన్‌తో లెక్క కట్టనివ్వవద్దు. నీట్‌లో తప్పు సమాధానానికి ఒక మార్కు కోత ఉంది, ఎప్‌సెట్‌లో లేదు. తెలియని ప్రశ్నను వదలాలా, గుర్తించాలా అన్నది రెండింటికీ వేర్వేరుగా అలవాటు కావాలి.

రెండు పరీక్షలకూ దరఖాస్తు చేయించండి. ఫిషరీస్ మీద ఆమెకే ఇష్టముంటే అది మంచి చదువే, కానీ ఆ మాట ర్యాంకులు వచ్చాక ఆమెనే అడిగి తేల్చుకోండి.